టౌన్ల కుక్కల్ని తెచ్చి ఊర్ల పొలిమేరల్ల ఇడిసిపెట్టుడు బంద్ చెయ్యండి సార్: ఉమ్మడి పాలమూరు మున్సిపాలిటీలకు, సర్పంచులకు ఒక బహిరంగ లేఖ

ఉమ్మడి పాలమూరు జిల్లాల ఉన్న మున్సిపల్ కమిషనర్లకు, కౌన్సిలర్లకు, 2025 డిసెంబర్ ఎలక్షన్ల గెలిచి కుర్చీల కూసున్న సర్పంచులకు, పంచాయతీ సెక్రటరీలకు అందరికీ నమస్తే.

నేను దేవరకద్ర దిక్కు ఊర్లల్ల తిరిగే గోపాలమిత్రను. బర్లకు ఆవులకు సూదులేసుడు, ఎదకొచ్చినయా లేదా చూసుడు, ఇదే నా పని. ఈ లెటర్ చదివి ‘వీడెవడో జంతు ప్రేమికుడు, ఏసీల కూసోని రాస్తుండు’ అనుకోకండి. మా ఇంట్ల కుక్క లేదు, పెంచాలని కూడా లేదు. పొద్దుగాల బండెంబడి ఉరికొచ్చే కుక్కల్ని తిట్టుకుంట, కాళ్లు పైకెత్తి నడుపుకుంట పోయేటోళ్లల్ల నేనొకణ్ణి.

సూటిగా చెప్తున్న. టౌన్లల్ల పట్టిన కుక్కల్ని రాత్రిపూట ఆటో ట్రాలీలల్ల ఎక్కించి మా చెరువు కట్టల మీద, గుట్టల పొంట ఇడిసిపెట్టుడు ఆపండి. ఊర్లల్ల మందు పెట్టి చంపుడు ఆపండి. మొదటిది మున్సిపాలిటోళ్ల పని, రెండోది పంచాయతోళ్ల పని, దీనికి దానికి సంబంధం లేదని చాలామంది అనుకుంటరు, కానీ మొదటిదే రెండోదాన్ని పుట్టిస్తుంది. అది చూసినంక రాయకుండ ఉండబుద్ధి కాలే.

ఎండలు మొదలైనప్పుడు ఒకరోజు పొద్దున ఒక ఊరికి పోతుంటే చెరువు కట్ట మీద తుమ్మల కింద కుక్కల గుంపు కనబడ్డది. ఆ ఊరి కుక్కలన్నీ నాకు మొకాలు తెలుసు, ఇవి ఆ ఊరియి కావు. బండిని చూసి మొరగలే, ఉరకలే, ఎటు పోవాల్నో తెల్వనట్టు నిలబడి చూస్తున్నయ్. రెండు మూడింటి మెడల చుట్టూ వెంట్రుకలు ఊడి ఎర్రగా వాత తేలింది, తీగ ఉరేసి గుంజితేనే అట్ల అయితది. ఒక ఆడకుక్కకు రొమ్ములు నిండి గట్టిపడ్డయ్, నడుస్తుంటే పాలు చుక్కలు చుక్కలుగా మట్టిల పడుతున్నయ్. పాలిచ్చే జీవాల్ని చూసుడే నా బతుకు కాబట్టి దాన్ని చూడంగనే సమజైంది, దీని పిల్లలు ఇంకా కండ్లు తెరిచి తెరవనియి, అయి ఆ టౌన్ల ఏ హోటల్ ఎనకనో ఏ మోరీ పక్కనో ఉన్నయ్, ఇది ఇక్కడ. అది అటుఇటు ఉరుకుతుంది, రోడ్డు దాకా పోయి మళ్లొస్తుంది. ఏ టౌన్ నుంచి తెచ్చిండ్రో ఊర్లో వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు, పేరు రాయను. రాస్తే ఆ ఒక్కరి మీద పడి మిగిలిన టౌన్లోళ్లందరు హాయిగ ఊపిరి పీల్చుకుంటరు.

తర్వాతేమైందో వినండి, అసలు ముచ్చట అదే. ఊర్ల ఉన్న కుక్కలు వాటిని ఊర్లకు రానియ్యలే. టౌన్ల చికెన్ షాపుల కాడ, టిఫిన్ బండ్ల కాడ బతికినయ్యి పొలాల మీద ఏం తినాలె? ఒకాయన మక్క కోసిన చేన్ల గొర్ల మంద పెట్టుకున్నడు. పెద్ద గొర్లు వలకట్ట లోపల, పసి గొర్రెపిల్లలు గంపల కింద. రాత్రి ఈ కుక్కలు పడ్డయ్. పొద్దున ఫోన్ చేస్తే నేను పోయేసరికి గంపలు బోర్లపడి ఉన్నయ్, కొన్ని పిల్లలు ఆడనే సచ్చినయ్, రెండు పెద్ద గొర్లకు గొంతుల కాడ కరిచినయ్. పుండ్లు కడిగి మందు రాసిన, నా చేతనైంది అంతే. గీత పడనియి కూడా ఆ రోజంతా మేత ముట్టలే, సూడి గొర్లల్ల కొన్ని భయానికి కడుపు పోగొట్టుకున్నయ్. ఆ కుర్మాయన ఏడ్వలే, తిట్టలే, నా బ్యాగు దిక్కు చూసి ‘నీ దగ్గర మందు ఉంటే ఇయ్యు సారూ, అన్నిటికీ పెడత’ అన్నడు.

ఆ మనిషికి మీరు నేను ఏం నీతులు చెప్తం? మన జిల్లాల గొర్లంటే బ్యాంకుల దాచుకున్న పైసలతో సమానం, బిడ్డ పెండ్లికి అయ్యే అమ్ముతరు, దవాఖానకు అయ్యే అమ్ముతరు. ఆయన కోపం నిజమైంది. తెల్లారి ఆయనే గ్రామసభకు పోయి ఈ కుక్కల సంగతి చూడమని అడుగుతడు, పక్కన ఉన్నోళ్లు అవునంటరు, బడికి పోయే పిల్లల తల్లులు అవునంటరు, గెలిచినంక చూస్త అని మాట ఇచ్చిన సర్పంచ్ మీద ఒత్తిడి పెరుగుతది. ఇగ ఎవడో ఒకడొచ్చి నాకింత ఇస్తే ఒక్క రాత్రిల సాఫ్ చేస్త అంటడు. టౌనోళ్లు తమ నెత్తి మీది బరువు దించి పోయిండ్రు, ఊరి సర్పంచ్ కేసుల పాలైతడు.

ఊరికే భయపెడుతలేను. 2026 జనవరిల హన్మకొండ జిల్ల, కామారెడ్డి జిల్ల, మనకు దగ్గరల యాచారం, ఇట్ల చానా చోట్ల వందల కుక్కల్ని విషంతో చంపిండ్రని పోలీస్ కేసులైనయ్, కొన్నిచోట్ల సర్పంచుల పేర్లే ఎఫ్ఐఆర్లకు ఎక్కినయ్, పూడ్చిన కుక్కల్ని తవ్వి తీసి పోస్టుమార్టం చేసిండ్రు. ఎలక్షన్లల్ల ఇచ్చిన మాట నిలబెట్టుకుందామని పోయి స్టేషన్ మెట్లెక్కుడు ఏం బాగుంటది చెప్పండి. మన దగ్గర 2024 ఫిబ్రవరిల అడ్డాకుల మండలం పొన్నకల్ల ఏమైందో మర్చిపోయిండ్రా? మొకాలకు గుడ్డలు కట్టుకోని కారుల వచ్చి తుపాకితో ఇరవై దాకా కుక్కల్ని కాల్చి చంపిండ్రు. తర్వాత పోలీసులు పట్టుకుంటే, వాళ్లల్ల ఒకడు తన పెంపుడు కుక్కను వీధి కుక్కలు చంపినయన్న పగతోని చేసిండని తేలింది. ఆ పొద్దు రోడ్ల మీద అట్ల పడి ఉన్న కుక్కల్ని బడికి పోయే పిల్లలు చూసుకుంట పోయిండ్రు, ఆ పిల్లలు ఏం నేర్చుకున్నరో నాకైతే తెల్వదు.

చట్టం సంగతి. 1960ల వచ్చిన జంతు హింస నిరోధక చట్టంల ఫస్ట్ టైం తప్పుకు జరిమానా యాభై రూపాయలు దాటదు, అది చూసి నవ్వుకునేటోళ్లు ఉన్నరు, నిజమే, యాభైకి ఇప్పుడు ప్లేట్ బిర్యానీ రాదు. కానీ 2024 జూలై నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహితల 325 సెక్షన్ ఉంది, ఏ జంతువునైనా చంపినా కుంటిచేసినా ఐదేండ్ల దాకా జైలు పడొచ్చు. పాత ఐపీసీల జంతువు ఖరీదును బట్టి లెక్కుండేది, ఇప్పుడు ఖరీదుతో పనిలేదు, ఊరకుక్క అయినా సరే.

సుప్రీంకోర్టే కుక్కల్ని తీసెయ్యమన్నది కదా అని కొందరు ఆఫీసర్లే అంటున్నరు, అందుకే అది కూడా కొంచెం వివరంగ రాస్త. 2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జిల బెంచ్ ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నది నిజమే. పదకొండు రోజులకే ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది. పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేసి, కడుపుల నులిపురుగులు పోయే మందు తాగించి, రేబిస్ టీకా ఏసి, పట్టిన చోటనే ఇడవాలె, పిచ్చి లేచినయి, పిచ్చి ఉందని అనుమానం ఉన్నయి, బాగా కరిచే గుణం ఉన్నయి మాత్రం ఇడవొద్దు అన్నది. నవంబర్ 7న ఇంకో ఆర్డర్ వచ్చింది, బడులు, దవాఖాన్లు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, స్టేడియంల లోపల ఉన్న కుక్కల్ని తీసి, ఆపరేషన్ టీకా చేసి, మళ్లీ ఆడ ఇడవకుండ షెల్టర్ల పెట్టాలె, ఆ జాగలకు కంచె, గోడ ఉండాలె అని. షెల్టర్ల పెట్టాలె అన్నది సార్, చెరువు కట్ట మీద కాదు. డంపింగ్ యార్డుల రేకుల షెడ్డేసి తాళం పెట్టి అన్నం నీళ్లు మరిచిపోతే అది షెల్టర్ కాదని మీకూ తెలుసు. బస్టాండ్ల పట్టిన కుక్కకు జాగ సూపెట్టే బాధ్యత బస్టాండ్ ఉన్న టౌనుదే, పక్క మండలానిది కాదు.

అంబర్‌పేటల 2023 ఫిబ్రవరిల నాలుగేండ్ల పిలగాణ్ణి కుక్కలు చంపిన వీడియో చూసిన మనిషి ఎవ్వడు కూడా ‘కుక్కలకు ఏం కాదులే’ అనలేడు, నేనూ అనను. మన దేశంల రేబిస్‌తోని ఏటా 18 వేల నుంచి 20 వేల మంది చచ్చిపోతరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, ప్రపంచం మొత్తంల అయ్యే రేబిస్ చావులల్ల మూడో వంతు కంటే ఎక్కువ ఇక్కడనే. లక్షణాలు బయటపడ్డంక బతికించే మందు లేదు. అందుకే చెప్తున్న, చంపుడుతోని ఇడిసిపెట్టుడుతోని ఇది తగ్గదు, పెరుగుతది. మద్రాస్ కార్పొరేషనోళ్లు ఏండ్లకేండ్లు కుక్కల్ని పట్టి కరెంటు పెట్టి చంపిండ్రు, కుక్కలు తగ్గలే, రేబిస్ తగ్గలే, 1996ల చంపుడు పక్కకు పెట్టి ఆపరేషన్లు టీకాలు మొదలుపెట్టిండ్రు. ఎందుకు తగ్గలేదంటే, తిండి ఉన్న గల్లీ ఖాళీగ ఉండదు. ఉన్న కుక్కల్ని తీస్తే పక్క గల్లీయి, పక్క ఊరియి వచ్చి చేరతయ్, అవి కొత్తయి, టీకా లేనియి, మన పిల్లల మొకాలు తెల్వనియి, జాగ కోసం కొట్లాడుకునేటియి. ఆడకుక్క ఏడాదికి రెండు ఈతలు ఈనొచ్చు, తొమ్మిది వారాలల్ల ఈనుతది, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. మీరు తీసేదానికంటే అవి పుట్టేదే ఎక్కువ.

ఇంకో మాట ఎవ్వరూ చెప్పరు. కుక్క కరిచిందనంగనే దాన్ని కొట్టి చంపుతరు లేకపోతే బండెక్కించి ఎటో పంపుతరు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలె సార్. పది రోజులకు అది మంచిగ తిరుగుతుంటే కరిచిననాడు దానికి రేబిస్ లేనట్టు. టీకాలు మాత్రం ఆగకుండ మొదటి రోజే మొదలుపెట్టాలె. ఆ కుక్కనే లేకుండ చేస్తే ఆ ఇంటోళ్లకు ఉన్న ఒక్క ధైర్యం పోతది. పైగా దానికి నిజంగనే పిచ్చి ఉండి మీరు తీస్కపోయి ఇంకో ఊర్ల ఇడిస్తే, రోగాన్ని ట్రాలీల ఎక్కించి పంపినట్టే కదా.

మరి ఏం చెయ్యాలంటరా, కొత్తగ కనిపెట్టేది ఏం లేదు, 2023 మార్చిల కేంద్రం తెచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే పిల్లలు పుట్టకుండ ఆపుడు) రూల్స్ల అంతా ఉంది. పని స్థానిక సంస్థలదే అని క్లియర్‌గ రాసుంది. వలతోని గానీ చేతులతోని గానీ పట్టాలె, తీగ ఉర్లు, ఇనుప పట్టకార్లు వద్దు. ఏ గల్లీల ఏ కుక్కను పట్టిండ్రో రాసుకోవాలె, ఎందుకంటే మళ్లీ ఆ గల్లీలనే ఇడవాలె. పిల్లతల్లిని పిల్లలు పాలు మానేదాకా పట్టొద్దు. ఆపరేషన్ అయినంక కనీసం నాలుగు రోజులు ఉంచుకోని కుట్లు చూడాలె. టీకా ఏసి, చెవి కొన మీద కత్తిరించిన గుర్తు పెట్టాలె, ఆ గుర్తు చూస్తే ఎవరికైనా తెలుస్తది ఇది అయిపోయిందని. నయం కాని రోగమో దెబ్బలో ఉంటే డాక్టరే నొప్పి తెల్వకుండ సూదిమందుతోని చావనియ్యొచ్చు, దానికీ రూల్ ఉంది. ఇవన్నీ చేసే సంస్థకు జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉండాలె, ఎవడు తక్కువ కోట్ చేస్తే వాడికి టెండర్ ఇచ్చి, వాడు కుక్కకింత అని బిల్లు పెట్టుకోని రాత్రి ట్రాలీ తీస్తే లెక్క కాగితం మీద సరిపోతది అంతే. బిల్లు పాస్ చేసే ముందు ఇడిసిపెట్టిన చోటు ఫొటో, చెవి గుర్తు ఫొటో అడగండి. ఒక కౌన్సిలర్ తన వార్డు వరకు అడిగినా చాలు.

చిన్న పంచాయతీకి సొంతంగ ఆపరేషన్ సెంటర్ పెట్టుడు అయ్యే పని కాదు, ఒప్పుకుంట. కానీ నాలుగైదు మండలాలు, పక్కన ఉన్న మున్సిపాలిటీ కలిసి ఒక సెంటర్ పెట్టుకోవచ్చు, కలెక్టర్ దగ్గర కూసోని మాట్లాడుకుంటే పశుసంవర్ధక శాఖ డాక్టర్లు కూడా సాయం పడతరు. అది అయ్యేదాకా టీకాలైనా మొదలుపెట్టండి, దానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. ప్రతి ఏడు జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు అంటే రోగాల దినం) అని మన పశువుల దవాఖాన్లల్ల కుక్కలకు రేబిస్ టీకా ఫ్రీగ ఏస్తరు. ఎవరొస్తరు? టౌన్ల బొచ్చుకుక్కను ఒళ్ల కూసోపెట్టుకోని స్కూటీ మీద వస్తరు. టీకా అసలు ఎవరికి కావాల్నో ఆ వీధి కుక్కల్ని పట్టుకొచ్చేటోడు ఎవ్వడు లేడు. అదే రోజు ట్రక్కుల టీకాలు పెట్టుకోని గల్లీలకు పోతే? ప్రతి గల్లీల కుక్కలకు రోజూ బుక్కెడు అన్నం ఏసే అవ్వ ఒకామె ఉంటది, ఆమె పిలిస్తే వస్తయ్, ఆమె పట్టుకుంటే సూది పెట్టుడు నిమిషం పని. ఊర్ల ఉన్న కుక్కలల్ల 70 శాతానికి టీకా పడితే రేబిస్ పాకుడు ఆగుతదని చెప్తరు. ఆ అవ్వలను మీరు ఇప్పటిదాకా న్యూసెన్స్ అనుకోని బెదిరిచ్చిండ్రు, ఆమెనే మీకు ఫ్రీగ దొరికే స్టాఫ్. ఆమెకు ఒక జాగ చూపెట్టండి, పిల్లలు ఆడుకునే చోటు, జనం నడిచే దారి కాకుండ, అది కూడా ఆ రూల్స్ల ఉన్నదే.

చికెన్ షాపుల గురించి గట్టిగనే చెప్పాలె. ఆదివారం రాత్రి బైపాస్ పొంట పోయి చూడండి, బస్తాలు బస్తాలు పేగులు, ఈకలు, తలకాయలు. చేపల చెరువులకు అమ్ముకునేటోళ్లు కొంత ఎత్తుకపోతరు, మిగిలింది నాలాల. కుక్కలు అక్కడ గుంపు కట్టి పచ్చి మాంసం మీద కొట్లాడుకుంట పెరుగుతయ్, సోమవారం పొద్దున అదే దారిల బడి పిల్లలు సైకిళ్ల మీద పోతరు. కుక్కల బండికి పెట్టే డీజిల్ ఖర్చుల సగం పెట్టి ఈ బస్తాలను రోజూ ఎత్తిపిస్తే సగం గుంపులు వాటంతట అవే చెదురుతయ్. షాపోళ్లకు నోటీసు ఇయ్యాలంటే మాత్రం మీకు చేతులు వణుకుతయ్, అది మాకు తెలుసు, వాళ్లకు ఓట్లున్నయ్.

మన పాలమూరుకు ఇంకో బాధ ఉంది. పంట పనులు ఒడువంగనే బొంబాయి, పూనా దిక్కు వలస పోతరు, ఇండ్లకు తాళాలు పడతయ్. ఆ ఇండ్ల ముందట పెరిగిన కుక్క ఏం చెయ్యాలె? కొన్ని రోజులు గడప కాడనే పడుకుంటది, తర్వాత ఆకలికి గుంపుల కలుస్తది. వాటిని చూసి వీధి కుక్కలు పెరిగిపోయినయ్ అంటం. వలసపోయే ముందు పక్కింటోళ్లకు చెప్పి పొమ్మని చాటింపు ఏపిస్తే తప్పేముంది.

చాటింపు అంటే యాదికొచ్చింది, సర్పంచులూ, కుక్క కరిస్తే ఏం చెయ్యాల్నో కూడా చాటింపు ఏపియ్యండి. ఇప్పటికీ మన ఊర్లల్ల కారం పెడతరు, సున్నం పెడతరు, ఆకు పసరు పోపిస్తరు, మంత్రం ఏపిస్తరు. ముందు సబ్బు పెట్టి ధార పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలె, ఆ వెంటనే పీహెచ్‌సీకి పోవాలె. చెయ్యి మీద చర్మం లోపల్నే ఏసే పద్ధతిల అయితే సున్నా (అంటే మొదటి సూది ఏసిన రోజు), 3, 7, 28 రోజులకు సూదులు, ఒక్కటి కూడా తప్పొద్దు. పుండు లోతుగ ఉంటే, రక్తం కారితే టీకా ఒక్కటి సరిపోదు, పుండు చుట్టూ ఏసే ఇమ్యునోగ్లోబులిన్ కావాలె, అది పీహెచ్‌సీల లేకపోతే పెద్ద దవాఖానకు రాసియ్యమని అడగాలె. బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులని భయపడి పోనోళ్లు ఇంకా ఉన్నరు, అది పాత కాలం ముచ్చట, ఇప్పుడు లేదు.

ఇగ టైం సంగతి. కార్తీక మాసంల కుక్కల సంగతి ఎట్లుంటదో ఊర్లల్ల పుట్టినోళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడు కట్టినయి సంక్రాంతికి అటుఇటుగ ఈనుతయ్, ఎండాకాలం వచ్చేసరికి ఆ పిల్లలు రోడ్ల మీదికొస్తయ్, మీ ఆఫీసులకు కంప్లైంట్లు అప్పుడొస్తయ్, ట్రాలీలు అప్పుడు బయల్దేరుతయ్. ఎండాకాలం పట్టుడు అంటే ఏడాది లేటుగ పట్టుడే. ఆపరేషన్లు చెయ్యాలంటే వానకాలంల మొదలుపెట్టి దసరా లోపల ఒక ఏరియా ఒక ఏరియాగ ఒడగొట్టాలె, ఊరికి రెండు అని అక్కడక్కడ చేస్తే పైసలు దండగ. అంటే టెండరు, గుర్తింపు సంస్థ, సెంటర్ జాగ, ఈ కాగితాల పని మృగశిర కార్తె లోపల్నే కావాలె.

వలతోని పట్టుడు నేర్పిస్తే మా ఊర్లల్ల పోరగాళ్లు తయారుగ ఉన్నరు, గొర్ల పెంపకందార్ల సంఘమోళ్లను మీటింగ్‌కు పిలవండి, వాళ్లకు మీకంటే ఎక్కువ తెలుసు ఏ కుక్క ఎటునుంచి వచ్చిందో. నన్ను పిలిచినా వస్త, పొద్దున సూదుల పని ఒడిసినంక పదకొండు తర్వాత ఖాళీనే ఉంట.

ఇట్లు,
దేవరకద్ర దిక్కు ఒక గోపాలమిత్ర